ఏ మేత్రాసనానికీ చెందని వంటిల్లు

వాల్బుర్గా రీగ్లర్ గారు డెబ్బై మూడో ఏట మళ్లీ పెళ్లి చేసుకోవాలనుకున్నందుకు ఎవరికీ అభ్యంతరం లేదు. పెళ్లికొడుకు ఆలోయిస్ క్రాఫ్ గారికి డెబ్బై ఆరు. ఆయనకీ అభ్యంతరం లేదు. ఆవిడ మొదటి భర్తా, ఆయన మొదటి భార్యా కాలం చేసి పదేళ్లు దాటింది. పిల్లలు కూడా, మంచిదే కదా, ఒకళ్లకొకళ్లు తోడు అన్నారు. అడ్డొచ్చింది ఒక నది. అది కూడా అక్కడ ఇప్పుడు లేని నది.

ఈ సంగతి చెప్పడానికి నాకు కొంత అర్హత ఉంది. నా పేరు ఫాదర్ పూదోట శౌరయ్య. మాది కృష్ణ ఒడ్డున ఒక ఊరు. యూరప్‌లో గురువులు, అంటే పూజ చేసే ఫాదర్లు, దొరకడం లేదంటే మా బిషప్పు గారు నన్ను ఆల్ప్స్ కొండల కింద ఉన్న ఆవెన్‌బర్గ్ మేత్రాసనానికి ఆరేళ్ల కోసం పంపించారు. ఒక బిషప్పు గారి కింద ఉండే ప్రాంతాన్ని మేం మేత్రాసనం అంటాం. అందులో ఒక్కో గుడి పరిధి ఒక్కో విచారణ. జిల్లా, మండలం అనుకోండి, సరిపోతుంది.

నేను గుడిలో పూజలు చేసుకోవచ్చని వెళ్లాను. నా జర్మన్ చేతిరాత బాగుందని కార్యాలయంలో ఉపకార్యదర్శిగా కూర్చోబెట్టారు. ఆవెన్‌బర్గ్‌లో ఆదివారం పూజకి వచ్చేవాళ్లు ఏటా తగ్గుతున్నారు. కార్యాలయంలో విభాగాలు ఏటా పెరుగుతున్నాయి. నేను చేరినప్పుడు పద్నాలుగు ఉండేవి. ఈ కథ మొదలయ్యేసరికి ఇరవై మూడు. అందులో ఒకటి విభాగాల సమన్వయ విభాగం. అది మంగళవారం మాత్రమే సమావేశమవుతుంది, ఎందుకంటే మిగతా రోజుల్లో అందులోని వాళ్లంతా ఎవరి విభాగాల్లో వాళ్లు సమావేశంలో ఉంటారు.

మే నెలలో వాల్బుర్గా గారి ఉత్తరం వచ్చింది. ఒకే ఒక్క పేజీ.

"నేను పెళ్లి చేసుకోవాలి. ఆలోయిస్ వాళ్ల విచారణ గురువు ఫాదర్ కిలియన్ పెళ్లి చేయడానికి సిద్ధంగా ఉన్నారు. కాని నా పెళ్లికి అడ్డంకులేవీ లేవని మా విచారణ గురువు దగ్గర ధ్రువపత్రం తెమ్మన్నారు. పడమటి ఊరి ఫాదర్‌ని అడిగితే, అమ్మా, మీరు మా విచారణ కాదు అన్నారు. తూర్పు ఊరి ఫాదర్ కూడా అదే మాట అన్నారు. దయచేసి నేను ఎవరి దాన్నో చెప్పగలరు."

నేను ఆ ఉత్తరం తీసుకుని వికార్ జనరల్ గారి గదికి వెళ్లాను. వికార్ జనరల్ అంటే బిషప్పు గారి తర్వాతి అధికారి, కార్యాలయమంతా ఆయన చేతి మీద నడుస్తుంది. ఆయన పేరు ఒట్టోకార్ ప్రెల్, మోన్సిగ్నోర్ అన్నది పెద్ద ఫాదర్లకిచ్చే బిరుదు. పొడుగ్గా, సన్నగా, ఇస్త్రీ చేసినట్టుండే మనిషి. ఆయన మాట్లాడే జర్మన్‌ని మన వాడుక తెలుగులోకి దించడం నా వల్ల కాదు. గ్రాంథికంలో చెబితేనే కాస్త న్యాయం జరుగుతుంది.

ఆయన ఉత్తరం రెండుసార్లు చదివి, "ప్రస్తుత విజ్ఞప్తి పరిశీలనార్హమేగాని పరిష్కారార్హము కాదు," అన్నారు. "ప్రతి ఆత్మయు ఏదో ఒక విచారణకు చెంది తీరవలెను. పటము తెప్పించుడు."

ఆ పటమే అసలు గొడవంతా తెచ్చింది. మేత్రాసనం పుట్టి తొమ్మిది వందల ఏళ్లు నిండుతున్నాయని అంతకు ముందు ఏడే కంప్యూటర్‌లో కొత్త పటం గీయించారు. అంతకు ముందు వాల్బుర్గా గారి ఇంటివైపు ఏ ఫాదర్ సైకిల్ మీద దగ్గర్లో ఉంటే ఆ ఫాదర్ వెళ్లి జ్ఞానస్నానాలు ఇచ్చేవాడు, చనిపోయినవాళ్లని పూడ్చేవాడు. ఎవరూ గీత ఎక్కడని అడగలేదు. ఇప్పుడు పటం ఉంది కాబట్టి అందరూ పటమే చూశారు.

దస్తావేజుల గది చూసే డాక్టర్ జెంజ్ గారిని పిలిచారు. పాత తోలు కాగితాల మధ్య నలభై ఏళ్లు గడిపిన ఆ పెద్దమనిషికి కొత్త సమస్య దొరికితే పండుగ. తెర మీద పటం వెలిగించి కర్ర పెట్టి చూపించాడు.

"ఇదిగో ఆవిడ ఇల్లు, మోన్సిగ్నోర్. నదిలో ఉంది."

"మునిగినదా?"

"లేదు, పొడిగానే ఉంది. పరిధి రీత్యా మాత్రమే నదిలో ఉంది."

తర్వాత ఆయన గంటసేపు చెప్పినదాన్ని నేను నాలుగు మాటల్లో చెబుతాను. ఆవెన్‌బర్గ్ మేత్రాసనమూ, ట్రీజా నదికి అవతలి లిండ్‌హోఫెన్ మేత్రాసనమూ ఒకే ఏడు పుట్టాయి. మొదటి బిషప్పులిద్దరూ సొంత అన్నదమ్ములు. ట్రీజా నదిలో చేపలు ఎవరివి అన్న దగ్గర ఇద్దరికీ మాటలు పోయాయి. హద్దులు రాసే రోజు వచ్చింది. నది నాకు రాకపోయినా ఫర్వాలేదు, వాడికి మాత్రం పోకూడదని ఇద్దరూ అనుకున్నారు. అన్న దస్తావేజులో 'పడమటి ఒడ్డు దాకా' అని రాయించుకున్నాడు. తమ్ముడు 'తూర్పు ఒడ్డు దాకా' అని రాయించుకున్నాడు. మధ్యలో నది ఎవరిదీ కాకుండా పోయింది. ఆ తర్వాత తొమ్మిది వందల ఏళ్లలో రాజులు పోయారు, మఠాలు మూతపడ్డాయి, రెండు యుద్ధాలు జరిగాయి, విచారణలు పుట్టి చచ్చి మళ్లీ పుట్టాయి. ఆ రెండు గీతలు మాత్రం అంగుళం కదల్లేదు. నదిలో ఉండేవి చేపలే కాబట్టి ఎవరికీ ధ్రువపత్రం అవసరం రాలేదు.

వందేళ్ల కిందట ఒక వరదలో ట్రీజా నది తన దారి మార్చుకుని అర మైలు తూర్పుకి జరిగింది. పాత నదీగర్భం ఎండి, బంగారం లాంటి నేల తేలింది. మా కృష్ణ ఒడ్డున అలాంటిదాన్ని లంక భూమి అంటాం. అక్కడ ఒక రైతు ఇల్లు కట్టాడు. ఆయన మనవడి భార్యే వాల్బుర్గా గారు.

ప్రెల్ గారు చాలాసేపు కళ్లు మూసుకుని ఆలోచించారు. చివరికి నన్ను రాసుకోమన్నారు.

"దరఖాస్తుదారు నివాసము చట్టరీత్యా నదీగర్భము. నదీగర్భ నివాసులు ఏ మేత్రాసనమునకును చెందరు. కావున దరఖాస్తుదారు, పరిధికి సంబంధించినంత వరకు, జలచరము."

ఈ మాట ఉత్తరంలో రాసి పంపడానికి నాకు చెయ్యి రాలేదు. బస్సెక్కి వెళ్లాను.

రోడ్డు చివర బస్సు దిగి, గోధుమ చేల మధ్య పావుగంట నడిస్తే ఆ ఇల్లు వస్తుంది. వాల్బుర్గా గారు గుండ్రంగా, ఎర్రటి బుగ్గలతో, చేతులకి పిండి అంటించుకుని ఎదురొచ్చారు. మనసులో నేను ఆవిణ్ణి ఆ రోజు నుంచీ వాల్బుర్గమ్మ అనే పిలుచుకున్నాను. వంటింట్లో కూర్చోబెట్టి, ఆపిల్ ముక్కలు పొరల్లో చుట్టి కాల్చిన తీపి రొట్టె పెట్టారు. సింకు కింద నుంచి రెండు కాళ్లు బయటికొచ్చి ఉన్నాయి. అవి ఆలోయిస్ గారివి. రైల్వేలో సిగ్నళ్లు చూసి రిటైరయిన మనిషి. కుళాయి బిగిస్తున్నాడు.

"చెప్పండి ఫాదర్. ఇంతకీ నేను ఎవరి దాన్నట?"

"అమ్మా, మా కార్యాలయం లెక్కలో మీరు చేప."

ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, తర్వాత పిండి చేతులతోనే కళ్లు తుడుచుకునేంత నవ్వారు.

"ఆలోయిస్, విన్నావా? నేను చేపనట!"

"శుక్రవారాలు జాగ్రత్త, వాల్బుర్గా," అంది సింకు కింద గొంతు. శుక్రవారం మాంసం మానేసి చేప తినడం అక్కడి కథోలికుల ఆచారం.

కాసేపటికి ఆలోయిస్ లేచి సైకిల్ గాలి చూడ్డానికి బయటికి వెళ్లాడు. గుమ్మం దాటే లోపల రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. ఆయన వెళ్లగానే వాల్బుర్గమ్మ నవ్వు ఆగిపోయింది.

"అక్టోబర్ తొమ్మిదిన గుండె ఆపరేషను ఫాదర్. కవాటం మారుస్తారట. ఆ తర్వాత ఆరు వారాలు ఎవరో ఒకరు పక్కన ఉండాలి, మెట్లు ఎక్కకూడదు. ఆయన ఉండేది స్టేషను పక్క మూడో అంతస్తులో. నలభై ఎనిమిది మెట్లు. ఇక్కడికి వచ్చెయ్యి అంటే, గుడిలో పెళ్లి కాకుండా నీ గుమ్మంలో ఒక్క రాత్రి పడుకోను అంటాడు. ఆయన పట్టుదల గట్టిది. గుండే గట్టిది కాదు."

ఆవిడ కిటికీలోంచి సైకిల్ వైపు చూసింది.

"మొదటాయన పోయినప్పుడు నేను పొలంలో ఉన్నాను. ఇంటికొచ్చేసరికి అయిపోయింది. ఈసారి పక్కన ఉండాలని ఉంది ఫాదర్. అంతకంటే నాకేం వద్దు."

ఆ మాట నేను కార్యాలయంలో చెప్పాను. ప్రెల్ గారు చెడ్డ మనిషి కాదు, ఆయన మొహంలో కూడా ఏదో కదిలింది. కాని ఆ కదలిక వెంటనే ఒక సంఘంగా మారిపోయింది.

"పూర్వ నదీగర్భ పరిధి నిర్ణయార్థ ఉభయ మేత్రాసన సంయుక్త సంఘము," అన్నారు. "తక్షణమే."

తక్షణమే అంటే జూన్ నెలాఖరు. మా వైపు అయిదుగురు, లిండ్‌హోఫెన్ వైపు అయిదుగురు, మినిట్స్ రాయడానికి నేను. ఎక్కడ కూర్చోవాలన్న దగ్గరే మూడు వారాలు ఉత్తరాలు నడిచాయి. వాళ్లు మా దగ్గరికొస్తే మా పరిధిని ఒప్పుకున్నట్టు. మేం వెళ్తే వాళ్ల పరిధిని ఒప్పుకున్నట్టు. రెండు మేత్రాసనాలకీ చెందని చోటు భూమ్మీద ఒక్కటే ఉంది. అలా పది మంది పెద్దలూ నల్ల కార్లలో వాల్బుర్గమ్మ వంటింటికి వచ్చారు.

సమావేశం ప్రార్థనతో మొదలుపెట్టాలి. ఎవరు చేయాలి? ఆ వంటింట్లో ప్రార్థన నడిపించే అధికారం ఎవరికీ లేదు. పది మందీ చేతులు జోడించి ఒకళ్లనొకళ్లు చూసుకుంటూ నిలబడ్డారు. పొయ్యి మీద సూపు పొంగుతోంది.

"ఈ ఫాదర్ మీ ఇద్దరి మనిషీ కాదు కదా?" అంది వాల్బుర్గమ్మ గరిటె నా వైపు చూపించి.

అది నిజం. నేను ఇంకా మా ఊరి మేత్రాసనం గురువునే. నేను తెలుగులో పరలోక జపం చెప్పాను. ఆమెన్ అన్న మాట ఒక్కటి అర్థమై పది మందీ గట్టిగా ఆమెన్ అన్నారు.

ఆ రోజంతా సంఘం పేరులో ఏ మేత్రాసనం పేరు ముందు రావాలని చర్చ జరిగింది. రెండోసారి సమావేశంలో అసలు విషయానికొచ్చారు. వాల్బుర్గమ్మని మేం తీసుకోవడానికి ప్రెల్ గారు ఒప్పుకోలేదు. ఆవిణ్ణి తీసుకుంటే నదీగర్భం తీసుకున్నట్టు, అప్పుడు తొమ్మిది వందల ఏళ్ల చేపల సంగతి మళ్లీ లేస్తుందట. అవతలి వాళ్లు తీసుకోవడానికీ ఒప్పుకోలేదు, చేపలు వాళ్లవైపోతాయట. అవతలి వికార్ జనరల్ కూడా సరిగ్గా ఇవే రెండు మాటలు అన్నారు. ఆ అన్నదమ్ములు బతికుంటే ముచ్చటపడేవాళ్లు.

"పోనీ నాకు నేనే ఒక విచారణ పెట్టుకుంటాను, సరేనా?" అంది వాల్బుర్గమ్మ, గిన్నెలు సర్దుతూ, విసుగ్గా.

వెంటనే పది కలాలు ఒకేసారి కదిలాయి.

ఆగస్టు మొదటి వారంలో నదీగర్భ ఉభయ మేత్రాసన తాత్కాలిక విచారణ ఏర్పడింది. విశ్వాసులు: ఒకరు. విచారణ గురువు: ఇటు వాణ్ణీ అటు వాణ్ణీ వేయడం కుదరదు కాబట్టి, నేను. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక ధ్రువపత్రం నేనే రాయొచ్చు. రాసేశాను కూడా.

"ముద్ర ఏదీ?" అన్నారు ప్రెల్ గారు. "ముద్ర లేని ధ్రువపత్రము కేవలము ఒక అభిప్రాయము."

ముద్ర మీద విచారణ పాలక పునీతుడి, అంటే ఆ విచారణని కాపాడే సెయింటు, బొమ్మ ఉండాలి. పాలక పునీతుణ్ణి విచారణ సలహా మండలి ఎన్నుకోవాలి. సలహా మండలిని విశ్వాసులు ఎన్నుకోవాలి. ఎన్నిక ప్రకటన గుడి తలుపు మీద పదిహేను రోజులు ఉండాలి. గుడి లేదు కాబట్టి కోళ్ల గూడు తలుపు మీద అంటించారు. కోళ్లు అడుగు భాగం పొడిచేస్తే, ప్రకటన అసంపూర్ణమైందని మళ్లీ పదిహేను రోజులు అంటించారు, ఈసారి కాస్త ఎత్తులో.

సెప్టెంబర్ మొదటి శనివారం ఎన్నిక జరిగింది. అధ్యక్ష పదవికి వాల్బుర్గమ్మ పోటీ చేసింది. కార్యదర్శి పదవికీ ఆవిడే. మిగతా మూడు స్థానాలకీ ఆవిడే. రెండు మేత్రాసనాల నుంచి ఇద్దరేసి పరిశీలకులు వచ్చారు. ఆవిడ స్నానాల గదిలోకి వెళ్లి గడియ వేసుకుని ఓటేసి, మడిచిన కాగితం తెచ్చి పెట్టెలో వేసింది. నేను పెట్టె తెరవబోయాను.

"ఆగుడు!" అన్నారు ప్రెల్ గారు. మొహం పాలిపోయింది. "ఓటరు ఒక్కరే. పెట్టె తెరిచినచో ఆమె ఎవరికి ఓటు వేసినదో లోకమునకు తెలిసిపోవును. రహస్య ఓటింగు భంగమగును."

"నాకే వేసుకున్నానండీ, రాసుకోండి," అంది వాల్బుర్గమ్మ.

ప్రెల్ గారు రెండు చేతులతో చెవులు మూసుకున్నారు. "శ్రీమతీ! ఓటరు తన ఓటును బయటపెట్టుట నియమావళి ప్రకారము నేరము. మేము వినలేదు. ఎవరును వినలేదు."

పరిశీలకులు నలుగురూ వినలేదని సంతకాలు పెట్టారు. పెట్టెకి లక్క వేసి ఫ్రిజ్ మీద పెట్టారు. దాన్ని తెరవొచ్చా, తెరిస్తే ఎలా, తెరవకపోతే ఎలా అన్నది తేల్చడానికి ఇంకో ఉపసంఘం వేశారు. దాని మొదటి సమావేశం నవంబర్‌లో.

ఆ సాయంత్రం ఆలోయిస్ గారు సైకిల్ నడిపించుకుంటూ నాతో బస్సు దాకా వచ్చాడు. తొక్కడం మానేశాడప్పటికి.

"కోప్పడకండి ఫాదర్," అన్నాడు. "రైల్వేలో నేనూ ఇలాగే ఉండేవాణ్ణి. ఎర్ర లైటు వెలిగితే ఖాళీ పట్టాల ముందు కూడా బండి ఆపేవాణ్ణి. ఎందుకని అడిగితే లైటు ఎర్రగా ఉందనేవాణ్ణి."

"మరి ఇప్పుడైనా పెళ్లి కాకపోయినా వెళ్లి ఉండొచ్చు కదండీ అక్కడ? దేవుడు ఏమీ అనుకోడు."

"దేవుడు అనుకోడు. నేను అనుకుంటాను." సైకిల్‌ని ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. "వాల్బుర్గాకి చెప్పకండి గాని, భయంగా ఉంది."

సంఘాలు ఎలా ఉన్నా, ఆదివారం పూజ నేను మానలేదు. ప్రతి ఆదివారం వాల్బుర్గమ్మ వంటింటి బల్ల తుడిచి, తెల్ల గుడ్డ పరిచి, పూజ చేసేవాణ్ణి. ఆవిడ పాడేది. ఆలోయిస్ కూడా వచ్చేవాడు గాని, ఆయన వేరే విచారణ కాబట్టి సందర్శకుల గడిలో పడేవాడు. ఎందుకంటే విచారణకి ముద్ర ఉన్నా లేకపోయినా గణాంకాలు మాత్రం పంపాలి. వాటికి ముద్ర అక్కర్లేదు. హాజరు గడిలో ప్రతివారం ఒకటికి ఒకటి అని రాసేవాణ్ణి. మూడో వారం గణాంకాల విభాగం నుంచి అభినందన వచ్చింది. మొత్తం మేత్రాసనంలో నూటికి నూరు శాతం హాజరు ఉన్న ఏకైక విచారణ మాదేనట. మిగతా విచారణలన్నీ పది శాతం కూడా దాటడం లేదు కాబట్టి, నేను సాధించిన విధానం మీద తోటి గురువులకి అరగంట ప్రసంగించాలట.

ఆ ఉత్తరంతో పాటు గణాంకాల నియమాల పుస్తకం కూడా పంపారు. ప్రసంగానికి పనికొస్తుందని బస్సులో చదువుకున్నాను. యాభై రెండో పేజీలో ఒక నియమం కనిపించింది. దిగీ దిగగానే వాల్బుర్గమ్మకి పైకి చదివి వినిపించాను.

"మూడు నెలల చివరి ఆదివారం నాడు ఏ విచారణ హాజరైనా ముందు వారాల కంటే అరవై శాతానికి మించి తగ్గిపోతే, దాన్ని మృతప్రాయ విచారణగా భావించి, దగ్గర్లోని బతికున్న విచారణలో కంప్యూటరే కలిపేస్తుంది. సంతకాలు అవసరం లేదు. సంతకాల కోసం చూస్తే ఏళ్లు పడుతోంది కాబట్టి."

ఆవిడ బంగాళదుంప చెక్కు తీయడం ఆపింది.

"ఇది మూడు నెలల చివరి నెలేనా ఫాదర్?"

"సెప్టెంబరమ్మా. చివరి ఆదివారం ఇరవై ఎనిమిది."

"ఊఁ," అని మళ్లీ చెక్కు తీసుకుంది. నేను సలహా ఏమీ ఇవ్వలేదు. చదివానంతే.

ఇరవై ఎనిమిదో తేదీ నేను వెళ్లేసరికి వంటింట్లో ఆలోయిస్ ఒక్కడే ఉన్నాడు. శుభ్రంగా గడ్డం గీసుకున్నాడు.

"వాల్బుర్గాకి ఒంట్లో బాగాలేదు ఫాదర్. మంచం దిగలేకపోతోంది."

పడకగది తలుపు మూసి ఉంది. లోపల్నుంచి కాఫీ వాసన వస్తోంది. కీర్తన మొదలెడితే లోపల ఎవరో సన్నగా అందుకుని, వెంటనే ఆపేశారు. అది నిజం జ్వరమేనా అని నేను అడగలేదు. అడిగితే ఆవిడ నిజం చెప్పేది. గురువుకి చెప్పిన నిజం పాపసంకీర్తనం, అంటే పాపం ఒప్పుకోవడం, కింద లెక్క, అది ఏ ఫారంలోనూ రాయకూడదు. అందుకని చూసినది మాత్రమే రాశాను. హాజరు: సున్న. తగ్గుదల: నూరు శాతం.

అక్టోబర్ ఒకటో తేదీ పొద్దున్నే ఆలోయిస్ వాళ్ల విచారణ గురువు ఫాదర్ కిలియన్ ఫోన్ చేశాడు. ఆ వేసవిలో తన కిందికొచ్చిన పడమటి ఊరితో కలిపి అప్పటికే పదకొండు విచారణలు చూస్తూ, కారులోనే భోంచేసే మనిషి.

"శౌరయ్యా, ఇవాళ కంప్యూటర్ తెరిస్తే నాకు పన్నెండో విచారణ పుట్టి ఉంది. మన వాల్బుర్గా రీగ్లర్ ఇక నా మనిషట."

"ముద్ర ఉందా నీ దగ్గర?"

"పదకొండున్నాయి. ఏది కావాలి?"

మధ్యాహ్నానికల్లా ధ్రువపత్రం నా చేతిలో ఉంది. నేను కుర్చీలో కూర్చుని రెండు నిమిషాలు ఊరికే దాన్నే చూశాను. అప్పుడే టపాలో ఇంకో కవరు వచ్చింది. లిండ్‌హోఫెన్ నుంచి. మేం కొన్న కంప్యూటర్ వ్యవస్థనే, అదే కంపెనీ దగ్గర, వాళ్లూ కొన్నారని నాకు అప్పటిదాకా తెలీదు. అదీ చచ్చిపోయిన విచారణని తన వైపు దగ్గర్లోని విచారణలో కలిపేసింది. అక్కడి ఫాదర్ చురుకైనవాడు. పెండింగ్‌లో ఒక ధ్రువపత్రం ఉందని కంప్యూటర్ చూపించగానే ముద్ర కొట్టి పంపేశాడు.

ప్రెల్ గారు రెండు పత్రాలనీ బల్ల మీద పక్కపక్కన పెట్టి నిలబడి చూశారు.

"ఇది మునుపటి కన్నను ఘోరము," అన్నారు. "ఒక విధవ. పెళ్లికి అడ్డంకులు లేవని రెండు పత్రములు. ఒక పత్రముతో ఆమె శ్రీ క్రాఫ్‌ను వివాహమాడును. మరి రెండవ పత్రము? అది చెల్లుబాటులో ఉన్నంత కాలము ఆమె ఇంకొకరిని కూడ వివాహమాడవచ్చును!"

"ఆవిడకి డెబ్బై మూడండీ."

"చట్టమునకు వయసు లేదు, ఫాదర్. ఒక పత్రమును రద్దు చేయవలెను. ఏది రద్దు చేసినను రెండవ మేత్రాసనమునకు నదీగర్భము పోవును. సంఘమును మరల సమావేశపరుపుడు. అక్టోబర్ పదిహేను. అంతవరకు వివాహము నిలుపుదల."

"ఆపరేషను తొమ్మిదినండీ."

ఆయన కిటికీ వైపు తిరిగారు.

"సరే," అన్నాను. "నిలుపుదల ఉత్తర్వు కాగితం మీద ఇప్పించండి. నోటి మాట మీద పెళ్లి ఆపడానికి నాకు అధికారం లేదు."

"ఇచ్చెదను. సమన్వయ విభాగము ఆమోదించిన పిమ్మట."

"వాళ్లు మంగళవారం కదండీ కూర్చునేది?"

"అవును. మంగళవారము."

ఆ రోజు బుధవారం. శనివారం పదకొండు గంటలకి కిలియన్ గుడిలో పెళ్లి పెట్టాం. పదకొండున్నరకి కిలియన్‌కి ఇంకో ఊళ్లో అంత్యక్రియలు ఉన్నాయి కాబట్టి పూజ నేనే చేశాను. ఆలోయిస్ తన రైల్వే కోటు వేసుకున్నాడు, బొత్తాలు తళతళలాడుతున్నాయి. వాల్బుర్గమ్మ ముదురాకుపచ్చ గౌను వేసుకుంది. నీకు ఈమె సమ్మతమేనా అని నేనడిగిన ప్రశ్న పూర్తికాకముందే ఆలోయిస్ సమ్మతమే అన్నాడు. ఊపిరి ఆగి ఆగి వస్తోంది, ఆలస్యం చేస్తే మాట రాదేమోనని భయం. వాల్బుర్గమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుని అలాగే నిలబడింది, పూజ అయ్యేవరకూ వదల్లేదు.

లిండ్‌హోఫెన్ వాళ్లు కూడా తమ పెళ్లిళ్ల పుస్తకం పట్టుకుని వచ్చారు. ఆవిడ రెండు పుస్తకాల్లోనూ సంతకం చేసింది. ఆ ఏడు రెండు మేత్రాసనాల వార్షిక నివేదికల్లోనూ పెళ్లిళ్ల సంఖ్య ఒకటి పెరిగిందని చదివి సంతోషించాను.

గురువారం తెల్లారి ఎనిమిదింటికి ఆలోయిస్‌ని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లారు. మీరెవరని నర్సు అడిగితే, భార్యని, అంది వాల్బుర్గమ్మ. ఆ ఒక్క మాట చెప్పేటప్పుడు ఆవిడ వెన్ను నిటారుగా అయింది. తలుపు దాకా చెయ్యి పట్టుకుని వెళ్లనిచ్చారు. తర్వాత వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుని, సంచీలోంచి ఆపిల్ తీసి చెక్కు తీయడం మొదలుపెట్టింది.

తొమ్మిది దాటాక వరండా చివర ప్రెల్ గారు కనిపించారు. చంకలో లావుపాటి నీలం ఫైలు.

"శ్రీమతి క్రాఫ్," అన్నారు వంగి. "అకాలమున వచ్చితిని, క్షమింపుడు. రెండు ధ్రువపత్రములలో ఒకదానిని మీరే స్వచ్ఛందముగ వదులుకొన్నచో సంఘమునకు..."

వాల్బుర్గమ్మ తలెత్తి చూసింది. ఆవిడ ఆయన మాట విన్నదో లేదో నాకు తెలీదు.

"కూర్చోండి మోన్సిగ్నోర్," అంది. కత్తి కొసన గుచ్చి ఒక ఆపిల్ ముక్క ఇచ్చింది. "ఇంకా మూడు గంటలు పడుతుందన్నారు."

ఆయన ముక్క పట్టుకుని కాసేపు నిలబడ్డారు. తర్వాత ఫైలు పక్క కుర్చీ మీద పెట్టి, ఆవిడకి అటువైపు కూర్చున్నారు. తిన్నారు. ఆవిడ ఇంకోటిచ్చింది. తలుపు పైన ఎర్ర లైటు వెలుగుతోంది. ముగ్గురం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఒకసారి ప్రెల్ గారు లేచి మెషిన్ దగ్గర కాఫీ తెచ్చి ఆవిడ చేతికిచ్చారు. ఇంకోసారి, చాలా మెల్లిగా, "మా నాన్నగారిది కూడా గుండె జబ్బే," అన్నారు. ఆ మాట ఆయన మామూలు మనుషులు మాట్లాడే జర్మన్‌లోనే అన్నారు.

పన్నెండున్నరకి డాక్టర్ బయటికొచ్చి టోపీ తీసింది. అందరికంటే ముందు లేచి నిలబడింది ప్రెల్ గారే.

"బాగా జరిగింది," అంది డాక్టర్. "భార్య గారు లోపలికి రావచ్చు."

వాల్బుర్గమ్మ సంచీ, కత్తి, ఆపిల్ తొక్కలు అన్నీ ప్రెల్ గారి చేతిలో పెట్టేసి పరుగులాంటి నడకతో లోపలికెళ్లింది. ఆయన అవన్నీ పట్టుకుని, ఏం చేయాలో తెలియక అటూ ఇటూ చూసి, తొక్కలు చెత్తబుట్టలో వేసి, కత్తి తుడిచి సంచీలో పెట్టి, సంచీ నాకిచ్చారు. జేబురుమాలుతో ముక్కు చీదుకున్నారు. తర్వాత టోపీ పెట్టుకుని వరండా వెంట గబగబా వెళ్లిపోయారు.

నీలం ఫైలు కుర్చీ మీదే ఉండిపోయింది. నేను చూశాను. పిలిస్తే వినపడే దూరంలోనే ఉన్నారు, పిలవలేదు.

కాసేపటికి వరండా ఊడ్చే ఆవిడ వచ్చి ఫైలు చేతిలోకి తీసుకుని, "ఇది మీదాండీ?" అంది.

"నాది కాదమ్మా," అన్నాను.